పసుపూ, వినపడని మోతా

మన కొల్లూరు లంకల్లో పండే పసుపు దుగ్గిరాల యార్డు దాటి ఎక్కడెక్కడికో పోతుంది గానీ, గ్లాసుడు నీళ్ళలో మాత్రం కరగదురా నాయనా. చెంచాడు వేసి తిప్పి చూడు. పచ్చబడ్డాయా? కాసేపు కదపకుండా ఉంచు, అడుగున మేట వేస్తుంది. పోపులో వేస్తే నూనె నిండా రంగెక్కుతుంది. ఆ రంగంతా కుర్క్యుమిన్‌ది. 1815లోనే దాన్ని పసుపులోంచి వేరు చేశారు. దానికి నీళ్ళంటే గిట్టదు.

మందుల్లోనూ చాలావాటిది ఇదే గుణం. మింగిన మాత్ర కడుపులో కరిగితేనే గదా రక్తంలోకి పోయేది!

"మెత్తగా దంచితే పోలా తాతయ్యా?" అంటావు. మంచి మాటే. ఒక మిల్లీమీటరు ఘనాన్ని 10 మైక్రాన్ల ముక్కలు చేస్తే పది లక్షల ముక్కలవుతాయి, నీళ్ళకు తగిలే ఒళ్ళు వంద రెట్లు పెరుగుతుంది. ఒళ్ళు పెరిగినకొద్దీ వేగంగా కరుగుతుంది. కానీ మరలో వేసి నూరితే పొడి వేడెక్కుతుంది, విద్యుదావేశం పట్టి ఉండలు కడుతుంది, సరిగ్గా జారదు. అందుకని పెద్దవాటిని నలగ్గొట్టే బదులు, పుట్టేటప్పుడే చిన్న స్ఫటికాలుగా పుట్టిద్దామనుకున్నారు.

పటికబెల్లం ఎలా కడతారు? చిక్కటి పాకంలో దారం వేలాడదీసి, కదపకుండా వదిలేస్తారు. ఏ కొద్ది చోట్లో స్ఫటికం మొలుస్తుంది, పాకంలోని చక్కెర అంతా వాటికే చేరి పలకలు తేలతాయి. అదే పాకాన్ని గరిటెతో బాదావనుకో, ఒక్కసారే లక్షల చోట్ల మొలుస్తాయి. దేనికీ తిండి చాలదు, అన్నీ నలుసులుగానే ఆగిపోతాయి.

ల్యాబులో ఆ గరిటె టైటానియం కడ్డీ. మందును ఎసిటోన్‌లోనో ఆల్కహాల్‌లోనో కరిగించి, చల్లటి నీళ్ళలో పోస్తూ కడ్డీ ముంచుతారు. దాని కొస సెకనుకు 20,000 సార్లు అదురుతుంది, మన చెవికి అందే హద్దు దాదాపు అక్కడితో సరి. ఆ అదురుకి నీళ్ళలో సన్నటి బుడగలు లేచి, ఠపీమని కుప్పకూలుతాయి. కూలిన క్షణాన ఒక్కో బుడగ లోపల వేల డిగ్రీల వేడి! ఆ దెబ్బలకి మందు ఎక్కడికక్కడ మొలకెత్తుతుంది. గిన్నె వేడెక్కకుండా చుట్టూ ఐసు పెడతారు. నలుసులు మళ్ళీ అతుక్కోకుండా నీళ్ళలో ముందే కాస్త పాలిమర్ కలుపుతారు. అది మరిచిపోతే ఇంత కష్టమూ బూడిదపాలే.

ఒకటి మాత్రం చెప్పాలి. ఇలా చేస్తే మందు త్వరగా కరుగుతుందే గానీ, గ్లాసుడు నీళ్ళు మొత్తం మీద ఎంత పట్టగలవో అది పెద్దగా మారదు. కుర్క్యుమిన్‌కైతే ఇంకో చిక్కుంది. కరిగి పేగు దాటినా, పేగు గోడా, కాలేయమూ దాన్ని చప్పున రూపు మార్చేస్తాయి. అక్కడ ఈ మోతలేం పనిచేయవు, వేరే దారి వెతకాలి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్ళు మిరియాల్లోని పైపెరిన్ కలిపి ఇచ్చి చూస్తే, రక్తంలోకి చేరే కుర్క్యుమిన్ చాలా రెట్లు పెరిగింది.