నాపరాళ్ల గదిలో ఎలక్ట్రానిక్ సంగీతం

ఎలక్ట్రానిక్ సంగీతంలో స్వరం తీగ మీదో తోలు మీదో పుట్టదు. సర్క్యూట్‌లో విద్యుత్ తరంగంగానో, కంప్యూటరులో అంకెల వరుసగానో పుట్టి, స్పీకరు పొరను కదిలించాకే గాలిలోకి వస్తుంది. 1980లలో ఈ పని చేసే యంత్రాలు ఖరీదైనవి, అరుదైనవి. జపాన్‌లోని రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ యంత్రాన్ని, ఆ వెంటనే టీబీ-303 అనే బేస్ యంత్రాన్ని తెచ్చింది. హిందీ సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ ఈ రెండింటికీ జూపిటర్-8 సింథసైజరును జోడించి, 1982లో పది రాగాలను డిస్కో నడకలో వాయించి రికార్డు చేశారు. తెలుగు సినిమాలకు పనిచేస్తూ రాజ్-కోటి దగ్గర కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసిన ఎ.ఆర్. రెహమాన్ 1989లో చెన్నైలో తన ఇంటి పెరట్లోనే స్టూడియో కట్టుకున్నారు. 1992 నాటి ‘రోజా’ పాటలు తయారైంది అక్కడే. ఆ యంత్రాలు చేసిన పనంతా ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్ చేస్తుంది. కడప జిల్లా ఎర్రగుంట్లలోనో ప్రొద్దుటూరులోనో కొత్తగా మొదలుపెట్టేవారికి యంత్రం దొరకడం కష్టం కాదు. కష్టమంతా గదితో, వినడంతో.

కంప్యూటరులో 8 జీబీ ర్యామ్ ఉంటే పని మొదలవుతుంది, 16 ఉంటే నయం. పాట కట్టే సాఫ్ట్‌వేరును డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు. బెల్జియంలో 1990ల చివర ఫ్రూటీలూప్స్ పేరుతో పుట్టిన ఎఫ్ఎల్ స్టూడియో డీజే మిక్సులు చేసేవారికి బాగా తెలిసిన పేరు. దాని ట్రయల్ ప్రతిలో దాదాపు అన్ని పనులూ చేయవచ్చు గాని, దాచిన ప్రాజెక్టును మళ్లీ తెరవడం కుదరదు. ఎల్ఎంఎంఎస్ పూర్తిగా ఉచితం. సర్జ్ ఎక్స్‌టీ అనే సింథసైజరు కూడా ఉచితమే, ఏళ్ల తరబడి నేర్చుకున్నా తరగనంత లోతైనది. క్రాక్ చేసిన ప్రతులు పెన్‌డ్రైవుల్లో చేతులు మారుతుంటాయి. వాటితో వైరస్‌లు వస్తాయి, పాట సగంలో ఉండగా ప్రోగ్రాం ఆగిపోతుంది. అంతకన్నా ముఖ్యం, సంగీతం మీద బతకాలనుకునేవారు మరొకరి కష్టాన్ని ఉచితంగా తీసుకోవడం తగదు.

మొదట డబ్బు పెట్టవలసింది తీగ ఉన్న మంచి హెడ్‌ఫోన్ల మీద. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పాట వినడానికి సరిపోతాయి, వాయించడానికి పనికిరావు. వాటిలో మీట నొక్కిన తర్వాత శబ్దం చెవికి చేరడానికి తరచుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక దెబ్బను నాలుగుగా కోస్తే ఒక్కో ముక్క 125 మిల్లీసెకన్లు. అంటే వేలు ఒక ముక్కలో ఉంటే చెవి వెనకటి ముక్కలో ఉంటుంది. అలా సాధన చేస్తే తాళం చెడిపోతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్లతో కూడా కొంత ఆలస్యం తప్పదు. కంప్యూటరు ధ్వనిని చిన్న చిన్న కట్టలుగా పంపుతుంది, ఆ కట్టనే బఫర్ అంటారు. సెకనుకు 44,100 నమూనాల లెక్కలో బఫర్ 256 నమూనాలైతే ఆలస్యం సుమారు 6 మిల్లీసెకన్లు, 1024 అయితే 23. వాయించేటప్పుడు బఫర్ తగ్గించాలి, మిక్సింగ్‌కు వచ్చాక పెంచాలి. తగ్గించినకొద్దీ ప్రాసెసరు మీద భారం పెరిగి చిటపటలు వినిపిస్తాయి. కడప జిల్లా ఎండల్లో వేడెక్కిన ల్యాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి మేలో ఈ చిటపటలు ఇంకా ఎక్కువ.

సెకనుకు 44,100 అనే అంకెకు కారణం ఉంది. మనిషి చెవి దాదాపు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. ఒక తరంగాన్ని అంకెల్లో తప్పులేకుండా పట్టాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ నమూనాలు కావాలి. ఇక ఒక్కో నమూనాను ఎంత సూక్ష్మంగా కొలుస్తామన్నది బిట్ల లెక్క. 16 బిట్లు సుమారు 96 డెసిబెల్ల పరిధినిస్తే 24 బిట్లు 144 ఇస్తాయి. ఇంత చోటు ఉన్నప్పుడు మైకు స్థాయిని ఎర్రగీత దాకా తోయడం అనవసరం. 24 బిట్లలో పట్టి, పెద్ద శబ్దాలు సైతం మైనస్ 12 డెసిబెల్లు దాటకుండా చూసుకుంటే చాలు. గీత దాటి తల తెగిన తరంగాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు.

గది విషయానికి వస్తే ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతపు ఇళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. ఈ నేల కింద పొరలు పొరలుగా విడిపోయే సున్నపురాయి దొరుకుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి రావడానికీ, ఇళ్ల నేలంతా నాపబండలు పరుచుకోవడానికీ ఆ రాయే కారణం. వేసవిలో చల్లగా ఉండే ఆ నున్నని బండ తన మీద పడిన ధ్వనిలో నూటికి రెండు పాళ్లు మించి పీల్చుకోదు. పదడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకుంటే దాని ఘనపరిమాణం 34 ఘనమీటర్లు, లోపలి ఉపరితలం 63 చదరపు మీటర్లు. బండ నేల, సిమెంటు గోడలు, కాంక్రీటు కప్పు తప్ప ఏమీ లేకపోతే, ఆ గదిలో కొట్టిన చప్పట్లు పూర్తిగా అణగడానికి, శబ్దశాస్త్రంలో వాడే సబీన్ సూత్రం ప్రకారం, దాదాపు 3 సెకన్లు పడుతుంది. అందులో పాడి రికార్డు చేసిన గొంతు గుడి మండపంలో పాడినట్టుంటుంది, మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. గోడలకు పది చదరపు మీటర్ల మేర బొంతలు, దూది పరుపులు ఆనిస్తే ఆ కాలం ఒక సెకను కన్నా తగ్గుతుంది. బట్టలు నిండిన తెరిచిన బీరువా ముందు మైకు పెట్టి పాడినా తేడా వెంటనే తెలుస్తుంది. గోడకు అంటించే పలుచని ఫోము పలకల మీద డబ్బు పెట్టేకన్నా ప్రొద్దుటూరులో ఒక మందపాటి దూది పరుపు కుట్టించుకోవడం మేలు.

అయితే బొంత పైస్థాయి ధ్వనులనే పీలుస్తుంది. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, దాన్ని అణచాలంటే పీల్చే వస్తువు అడుగుల మందం ఉండాలి. పైగా ప్రతి గదికీ తన కొలతలను బట్టి కొన్ని మంద్రస్వరాలు మరీ పెద్దగా మోగుతాయి. ధ్వని వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే మొదటి అలాంటి స్వరం వస్తుంది. పైన చెప్పిన గదిలో పొడవు వెంట 47 హెర్ట్జ్, వెడల్పు వెంట 56. ఎత్తూ పదడుగులే కాబట్టి అదీ 56 దగ్గరే, అంటే అక్కడ రెట్టింపు మోత. డీజే పాటల్లో కిక్ డ్రమ్ నివసించేది సరిగ్గా ఈ ప్రాంతంలోనే. గది నడిమధ్యలో కూర్చుంటే ఈ స్వరాలు దాదాపు వినిపించవు, గోడకు ఆనుకుంటే చెవులదిరేలా మోగుతాయి. బేస్ చాలడం లేదని ఒకచోట పెంచితే, ఎక్కువైందని ఇంకోచోట తగ్గించాల్సి వస్తుంది. పన్నెండు అడుగుల గదిలో ఎదుటి గోడకు నాలుగున్నర అడుగుల దూరంలో కూర్చోవడం మంచి మొదలు. స్పీకర్లు రెండూ పక్కగోడలకు సమదూరంలో ఉండి, వినే తలతో కలిసి సమబాహు త్రిభుజం కావాలి. బేస్ మీద తుది తీర్పు మాత్రం హెడ్‌ఫోన్లకే వదలాలి.

బయటి శబ్దం మరో సమస్య. చెన్నై-ముంబయి మార్గం మీద, నంద్యాల లైను కలిసే జంక్షన్ ఎర్రగుంట్ల. సిమెంటు లారీల, గూడ్సు బళ్ల గురగుర గోడలు దాటి వస్తుంది. మైకులో పట్టిన గొంతుకు 80 హెర్ట్జ్ కింద కోత పెడితే దానిలో చాలాభాగం పోతుంది, గొంతుకు నష్టమేమీ ఉండదు. ఫ్యాను ఆపలేని వేసవిలో తెల్లవారుజామే రికార్డింగుకు మంచి సమయం. ఆగకుండా వినిపించే మంద్రపు జుమ్ము 50 హెర్ట్జ్ కరెంటు సరఫరాది. ల్యాప్‌టాప్, స్పీకర్లు ఒకే ప్లగ్ బోర్డుకు తగిలించి, ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుంటే చాలావరకు తగ్గుతుంది.

సింథసైజరు నేర్చుకోవడం మూడు భాగాలతో మొదలుపెట్టాలి. ఆసిలేటరు తరంగాన్ని పుట్టిస్తుంది. సైన్ తరంగంలో ఒకే స్వరం ఉంటుంది, రంపపుపళ్ల ఆకారపు తరంగంలో దాని అన్ని గుణిజాలూ, చతురస్ర తరంగంలో బేసి గుణిజాలు మాత్రమే ఉంటాయి. ఫిల్టరు అందులో అక్కర్లేనివి కోస్తుంది. ఎన్వలప్ శబ్దం ఎంత వేగంగా లేచి ఎలా అణగాలో నిర్ణయిస్తుంది. ముందే తయారుగా ఉన్న వేల ప్రీసెట్లను వెతుకుతూ కూర్చునేకన్నా, ఒకే సింథసైజరులో ఒక రంపపు తరంగంతో బేస్, వేణువులాంటిది, గంటలాంటిది స్వయంగా చేసి చూడటం వల్ల చెవి త్వరగా పదునెక్కుతుంది.

స్వరం కట్టడానికి కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఒక దగ్గరి దారి ఉంది. కీబోర్డులో నల్ల మీటలు మాత్రమే వాడి, నాలుగున్నర శ్రుతి మీటను షడ్జమంగా పెట్టుకుంటే మోహనం వస్తుంది. అవే ఐదు మీటల్లో తర్వాతి దాన్ని షడ్జమం చేసుకుంటే మధ్యమావతి, ఆపైది హిందోళం, ఆపైది శుద్ధసావేరి, ఆపైది శుద్ధధన్యాసి. తప్పు మీట నొక్కే వీలే లేని ఐదు రాగాలు ఇవి. గమకం దగ్గరే చిక్కు. 1983లో వచ్చిన మిడి ప్రమాణం స్వరాన్ని 0 నుంచి 127 వరకు అంకెగా చూస్తుంది, ఒక అంకెకూ ఇంకో అంకెకూ మధ్య ఏమీ లేదు. ఆ ఖాళీని పిచ్ బెండ్ చక్రం పూరిస్తుంది. మామూలుగా అది రెండు అర్ధస్వరాల మేరకే వంగుతుంది. పరిధిని ఐదుకో ఏడుకో పెంచి, ఒక స్వరం నుంచి పై స్వరానికి జారే జారును చేత్తో సాధన చేయాలి. మౌసుతో గీతలు గీసి నింపిన గమకంలో ప్రాణం తక్కువ.

తాళం సంగతికి వస్తే, సాఫ్ట్‌వేరు తెరవగానే 16 గళ్ల పట్టీ కనిపిస్తుంది. ఆదితాళానికి అది సరిపోతుంది. మిశ్రచాపుకు 14 గళ్లు, ఖండచాపుకు 10 గళ్లు పెట్టుకుంటే చాలు, అయినా ఈ పని చేసే కొత్తవారు తక్కువ. కడప జిల్లా చెక్కభజనలో నడక నెమ్మదిగా మొదలై ఊపందుకుంటుంది. పాట మొదటి నుంచి చివరి వరకు ఒకే వేగం ఉండాలన్న నియమమేదీ లేదు. టెంపో గీతను కొద్దికొద్దిగా పైకి లాగితే ఆ ఊపు యంత్రానికీ వస్తుంది.

అందరి దగ్గరా ఒకే శాంపిల్ కట్టలుంటే అందరి పాటలూ ఒకేలా వినిపిస్తాయి. ఈ ప్రాంతంలో రికార్డు చేయదగిన శబ్దాలకు లోటు లేదు. చెక్కలు, వాటికి బిగించిన లోహపు బిళ్లలు, గజ్జెలు, తప్పెట అన్నీ అందుబాటులో ఉన్నవే. నాపరాయి కూడా వాద్యమే. పగులు లేని సన్నని, పొడవైన బండ ముక్కను గుడ్డ చుట్టిన రెండు కర్రల మీద ఆనించి చిన్న చెక్క సుత్తితో తడితే స్పష్టమైన స్వరం పలుకుతుంది. కర్రలు పెట్టే చోటులో మర్మం ఉంది. రెండు చివరలూ విడిగా ఉన్న పట్టీ కంపించేటప్పుడు, ఒక్కో చివర నుంచి పొడవులో సుమారు 22 శాతం దగ్గర కదలిక ఉండదు. రెండడుగుల ముక్క అయితే అది చివర నుంచి సుమారు ఐదుంపావు అంగుళాలు. అక్కడ ఆనిస్తే మోత నిలుస్తుంది, వేరేచోట ఆనిస్తే టక్కుమని ఆగిపోతుంది. ఇలా పట్టిన ఒక్క దెబ్బను శాంపిలర్‌లో వేసుకుంటే కీబోర్డంతా నాపరాతి స్వరాలవుతుంది. సగం వేగంతో నడిపిస్తే స్థాయి ఒకటి దిగుతుంది, గంట మోగినట్టు ఉంటుంది. వేణువును రికార్డు చేసేటప్పుడు మాత్రం శ్రుతి చూసుకోవాలి. వేడి గాలిలో ధ్వని వేగం పెరుగుతుంది కాబట్టి వేణువు శ్రుతి పైకి పోతుంది, సింథసైజరుది అక్కడే ఉంటుంది.

మిక్సింగ్‌లో కొత్తవారు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం పెద్ద శబ్దంతో వినడం వల్లే. శబ్దం పెద్దదైనకొద్దీ చెవికి బేస్ మరింత నిండుగా వినిపిస్తుందని ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే కొలిచి చూపించారు. గట్టిగా వింటూ సరిచేసిన పాట నెమ్మదిగా పెట్టినప్పుడు బేస్ లేక వెలవెలబోతుంది. మాటలాడుకునే స్థాయిలో వింటూ పనిచేయాలి. చెవుల భద్రతకూ అదే దారి. 80 డెసిబెల్ల ధ్వనిని వారానికి 40 గంటల వరకే వినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి పదింటి తర్వాత 45 డెసిబెల్లు అన్నది మనదేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నియమాల పరిమితి.

కిక్, బేస్ రెండూ ఒకే చోట పోట్లాడుకోకుండా ఒకటి మోగినప్పుడు ఇంకోటి కాస్త తగ్గేలా పెట్టాలి. మిగతా వాద్యాలన్నిటికీ కింది స్వరాలు కోయాలి. పాటను చాలామంది వినేది ఫోను స్పీకరులో. దానిలో మంద్రస్వరాలు దాదాపు పలకవు. కానీ బేస్‌కు కొంచెం డిస్టార్షన్ కలిపి పై గుణిజాలు పుట్టిస్తే, వాటిని బట్టి మెదడు లేని మూలస్వరాన్ని తానే ఊహించుకుని వినిపించుకుంటుంది. వినాయక చవితి ఊరేగింపు ట్రాక్టరు మీది డీజే సెట్‌లో పరిస్థితి తలకిందులు. అక్కడ ఎడమ, కుడి రెండూ కలిసి ఒకటైపోతాయి కాబట్టి బేస్‌ను మధ్యలోనే ఉంచి, పాటనంతా ఒకసారి మోనోలో విని చూడాలి. ఆఖరున లిమిటరుతో శబ్దాన్ని ఎంత పిండినా లాభం లేదు. యూట్యూబ్ దాన్ని మైనస్ 14 లౌడ్‌నెస్ యూనిట్ల దగ్గరికి తగ్గించేస్తుంది, మిగిలేది నలిగిన పాటే.

పాటను బయట పెట్టేముందు హక్కులు చూసుకోవాలి. భారతదేశపు 1957 కాపీరైట్ చట్టంలో సాహిత్యానికి, స్వరరచనకు, రికార్డింగుకు హక్కులు వేర్వేరు. సినిమా పాటను డీజే రీమిక్స్ చేయాలంటే మూడింటికీ అనుమతి కావాలి. ఉమ్మడి కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య 1503లో పోయాడు, ఆయన పదాల మీద ఎవరి హక్కూ లేదు. వాటిలో చాలావాటికి ఇప్పుడు వినిపించే వరుసలు మాత్రం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులవి. వారిలో ఒకరైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో మరణించారు. మరణానంతరం 60 ఏళ్ల లెక్కన ఆయన స్వరపరచిన వరుసలకు 2039 చివరి వరకు రక్షణ ఉంటుంది. పదం తీసుకుని, ఆ ఐదు నల్ల మీటల మీదే అయినా, సొంతంగా కట్టిన వరుసకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.