గొలుసు రంపపు మీట



చెట్లు కోయు మిషను రంపమును మీలో పెక్కురు చూచియే యుందురు. దానిని చెయిన్ సా యనియు వ్యవహరింతురు. అది చెట్టును కోయు తీరును గూర్చి గాక, కోయుటకు ముందు దానిని మేల్కొల్పు తీరును గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంధులు, సమాసములు చెప్పినవానికి ఈ గొడవ యేల యని మీ రడుగవచ్చును. కారణము చెప్పెదను.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస ప్రాంతమున తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలవ్రాలినవి. నేనప్పుడు అచట మా చెల్లెలి యింట నుంటిని. ఊరిబాట కడ్డముగా ఒక చింతమాను కూలియుండెను. ఇవతల మంచముపై నొక్క నిండుచూలాలు, అవతల ఆమెకొరకై వచ్చిన జీపు. ఒక యువకుడు ఎవరియొద్దనో రంపము నెరవు తెచ్చి త్రాడు లాగ మొదలిడెను. పది మారులు లాగెను, ఇరువది మారులు లాగెను. పెట్రోలు వాసన తప్ప మరేమియు రాలేదు. అంతలో పంపుసెట్లు బాగుచేయు ముసలి మేస్త్రి యొకడు వచ్చి, "బాబూ, మొదటనే అది యొక్కసారి దగ్గినది, నీవు వినలేదు" అనెను.

ఆ దగ్గు మాటయే ఇందలి కీలకము. చల్లగా నున్న యింజనులో పెట్రోలు చక్కగా ఆవిరి కాదు. అందుచే గాలి వచ్చు దారిని ఒక రేకుతో మూసి పెట్రోలు పాలు హెచ్చింతురు. అదియే చోకు. పాత స్కూటరు నడిపినవారికి దీనిని విప్పి చెప్ప నక్కరలేదు. రంపమున నున్న విశేషమేమన, చోకు మూసి కొన్ని మారులు లాగగనే యింజను ఒక్కసారి టప్పున పలికి ఆగిపోవును. ఆ పలుకు వినబడినంతనే చోకు తెరచి మరల లాగవలెను. వినక మూసియే లాగుచున్నచో లోపల పెట్రోలు నిండి స్పార్కు ప్లగ్గు తడిసిపోవును. తడిసిన అగ్గిపుల్లను ఎన్నిమారులు గీచిన నేమి?

చోకు తెరచిన పిదప యింజను నిలద్రొక్కుకొనుటకు ఆక్సిలరేటరు సగము తెరచియుండవలెను. అపాయమంతయు నిచ్చటనే యున్నది. ఈ రంపములలో యింజను వేగము హెచ్చినంతనే క్లచ్చు తనంత తాను పట్టుకొని గొలుసును త్రిప్పును. అనగా సగము ఆక్సిలరేటరుతో మేల్కొన్న రంపము మేల్కొనుచునే కోరలు త్రిప్పగలదు. పూర్తి వేగమున ఆ గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగిడును. కావున ముందుగా గొలుసు బ్రేకు వేయవలెను. రంపమును నేలపై నుంచి, వెనుకపిడిలో కుడికాలి మునివ్రేళ్లు దూర్చి, ముందుపిడిని ఎడమచేత నదిమిపట్టి, కుడిచేత త్రాడు లాగవలెను. ఒంటిచేత గాలిలో వ్రేలాడదీసి లాగుట మగతనమని తలచువారు కలరు. వారి తొడల సంగతి వారికే తెలియవలెను.

జర్మనీలోని స్టుట్‌గార్టున ఆండ్రియాస్ స్టీల్ అనునతడు 1926లో విద్యుత్తుతో నడచు రంపమును చేసెను. దానిని మోయుటకు ఇద్దరు కావలసి యుండిరి. ఒక్కడు పట్టి కోయదగిన పెట్రోలు రంపమును ఆ సంస్థ 1950లో తెచ్చినది. ఒక్కడే పట్టినపుడు మీటలన్నియు ఒక్కచేతికే అందవలెను గదా! అందుచే ఆ సంస్థ తన రంపములు పెక్కింటిలో ఒక్క మీటకే నాలుగు పను లప్పగించినది. అట్టడుగున చోకు, ఒక మెట్టు మీద సగము ఆక్సిలరేటరు, ఆపైన నడక, అన్నిటికంటె మీద ఆపుట. 1959లో రంపములు చేయ మొదలిడిన స్వీడను దేశపు హుస్క్‌వర్నా సంస్థ, తాను చేసిన పెక్కు రంపములలో చోకును బయటికి లాగు మీటగను, ఆపు స్విచ్చిని వేరుగను ఉంచినది.

అడవిపని చేయువారు ఈ విషయమున రెండు పక్షములైరి. పిడి విడువక బొటనవ్రేలితోనే అన్నియు చేయవచ్చునని, ఆపుటకు మీటను మీదికి త్రోసిన చాలునని ఒక పక్షమువారు ఏకమీటను మెచ్చుకొందురు. రెండవవారు, చేతితొడుగులతో త్రోసినపుడు ఒక మెట్టుకు మారు రెండు మెట్లు జారునని, యింజను పలుకగనే తామే దానిని ఆర్పివేయుదుమని విసుగుకొందురు. వేడిగా నున్న రంపమునకు సగము ఆక్సిలరేటరు కావలసినను, మీటను చోకువరకు దింపి మరల ఒక మెట్టు పైకి తేవలెను. ఇది వారికి మరింత కంటగింపు.

మీమాంసకులు ఒకే వాక్యమునకు రెండు విధులు అంటగట్టుటను వాక్యభేదమను దోషముగా నెంచిరి. నాలుగు మెట్ల మీటను జూచినపుడెల్ల నాకా మాట తలపునకు వచ్చును. అయినను నేను దానిని పూర్తిగా త్రోసిపుచ్చను. నిత్యము అదే రంపము పట్టువాని వ్రేలు ఆ నాలుగు మెట్లను అక్షరములవలె నేర్చుకొనును. చిక్కంతయు ఎరవు తెచ్చుకొన్నవానికే. ఒకదానిలో ఆపుటకు మీదికి త్రోయవలెను, మరియొకదానిలో క్రిందికి నొక్కవలెను. ఆపు దిక్కు మాత్రము అన్ని సంస్థలవారు కూడి యొకటిగా నిర్ణయించిన బాగుండునని నా అభిప్రాయము. చెయ్యి తడబడినపుడు చదువుకొనుటకు వ్యవధి యుండదు.

పెద్ద రంపములపై ఒక చిన్న బొత్తాము గూడ నుండును. దానిని నొక్కినచో లోపలి ఒత్తిడి కొంత వెడలిపోయి త్రాడు తేలికగా వచ్చును. యింజను అంటుకొనగనే అది తనంత తాను లేచును. ఆయిలింజనుకు హాండిలు వేయునపుడు మీరు ఎత్తిపట్టు మీట యిట్టిదే. వయసు మీరినవారు ఈ బొత్తామును దీవింతురు. కండగలవారు కొందరు, అది కారిపోవునని, దానిని తీసి మరబిరడా బిగింతురు.

2019లో స్టీల్ సంస్థ పెట్రోలును కంప్యూటరు కొలతతో చిమ్ము రంపము నొకదానిని విడుదల చేసినది. దానికి చోకే లేదు. బ్యాటరీ రంపములకు త్రాడే లేదు. పలువు రిందుకు సంతోషించిరి. కొందరు పాతవారు మాత్రము, చోకు చెడిన అడవిలోనే బాగుచేసికొందుము, ఆ కంప్యూటరు చెడిన నేమి చేయుదుమని అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే.

ఇక ఆ చింతమాను సంగతి. మేస్త్రి ప్లగ్గు విప్పి, పంచెకొంగుతో తుడిచి, చోకు తెరచి, లోపలి పెట్రోలు వెడలునట్లు పలుమారులు త్రాడు లాగించెను. మరల ప్లగ్గు బిగించి లాగగా యింజను పలికినది. అప్పటికి అరగంట వ్యర్థమైనది. జీపు సాయంకాలమునకు ఆసుపత్రి చేరినది. తల్లియు బిడ్డయు క్షేమము. మరుసటి యేడు నేనా యూరు పోగా ఆ యువకుడు తానే యొక రంపము కొనియుండెను. మీట ప్రక్కన నాలుగు చుక్కలు పెట్టియుండెను. అవి చెల్లెలి గోళ్లరంగుతో పెట్టినవి. "చోకు దగ్గర నీలము, ఆపుచోట ఎరుపు, మాస్టారూ" అని చూపెను. నడుమ రెండు మెట్లకు ఒకే రంగు వేసినా వేమి యని అడుగగా, "ఇంటిలో మూడే సీసాలున్నవండీ" అనెను.