ఇద్దరి బరువు... ఎంతుంటే చాలు?

పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలుండాలంటారు. మరి కవలలైతే? కొండల్లో ఆ లెక్క తప్పితే ప్రాణాల మీదికొస్తుంది.

అరకులోయ చుట్టుపక్కల కొండల మీద రెండు గూడేలు. రెండిళ్లలోనూ కవలలు పుట్టారనుకుందాం. ఆశా కార్యకర్త వచ్చి వేలాడే కాటాలో బిడ్డల్ని తూచింది. మొదటి ఇంట్లో ఒకరు 2.3 కిలోలు, ఇంకొకరు 2.2. రెండో ఇంట్లో ఒకరు 2.6, మరొకరు 1.9. రెండున్నర లెక్కన చూస్తే మొదటి ఇంట్లో ఇద్దరూ తక్కువ బరువే, రెండో ఇంట్లో ఒక్కరే. కానీ డాక్టరు ముందుగా చూడాల్సింది ఆ రెండో ఇంటి బిడ్డనే!

ఎందుకలా?

2.5 కిలోలకన్నా తక్కువుంటే తక్కువ బరువు బిడ్డ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత. అందరికీ ఒకటే. ఎన్నో వారంలో పుట్టారు, కడుపులో ఎంతమంది ఉన్నారు... ఇవేవీ ఆ గీత అడగదు.

కవలలు దాదాపు ఏడో నెల వరకూ ఒంటరి బిడ్డలాగే పెరుగుతారు. ఆ తర్వాత వేగం తగ్గుతుంది. పైగా చాలామంది 37 వారాలు నిండకముందే పుట్టేస్తారు. అందుకే అమెరికాలోనూ కవలల్లో సగానికి పైగా రెండున్నర కిలోల లోపే. అక్కడ 171 మంది కవలల తల్లుల్ని పరిశీలించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒంటరి బిడ్డల కొలతతో చూస్తే 35 వారాలకు దాదాపు 40 శాతం కవలలు 'చిన్నవాళ్లు'గానే తేలారు. అంతమందికీ జబ్బున్నట్టా? కాదు. కొలబద్దే వాళ్లది కాదు. మన నాగపూర్‌తో సహా ఎనిమిది దేశాల్లో బిడ్డల్ని కొలిచి 2014లో విడుదల చేసిన ఇంటర్‌గ్రోత్ ప్రమాణాలూ ఒంటరి బిడ్డలవే.

అలాగని 'కవలలు కదా, చిన్నగానే ఉంటారులే' అనుకోవడమూ ప్రమాదమే. ఒకే మాయను పంచుకునే కవలల్లో ఒక్కోసారి రక్తం ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ అందుతుంది. పెద్ద బిడ్డ బరువుతో పోలిస్తే ఇద్దరి మధ్యా తేడా 20-25 శాతం దాటితే డాక్టర్లు జాగ్రత్త పడతారు. రెండో ఇంట్లో తేడా 27 శాతం!

ముందే తెలిస్తే...

ఎన్ని వారాలో తెలియనిదే బరువుకు అర్థం లేదు. నెల తప్పిన తేదీ గుర్తులేనప్పుడు మూడో నెలలోపు తీసే స్కానింగే ఆధారం. వారాల లెక్క, కవలలా కాదా, మాయ ఒకటా రెండా... మూడూ అప్పుడే బాగా తెలుస్తాయి. దారి లేని గూడెం నుంచి డోలీలో రోడ్డుకు దిగాలి. పెద్దాసుపత్రికి విశాఖపట్నం వెళ్లాలంటే అరకు నుంచి వంద కిలోమీటర్లకు పైనే ఘాట్ రోడ్డు ప్రయాణం. కడుపులో ఇద్దరున్నారని ముందే తెలిస్తే నొప్పులు వచ్చేదాకా ఆగకుండా కొండ దిగొచ్చు. ఏజెన్సీలో గర్భిణుల వసతి గృహాలు పెట్టింది అందుకే.

పుట్టాక...

1.8 కిలోల లోపున్నా, 34 వారాలు నిండకముందే పుట్టినా నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో చేర్చాలి. మిగతా చిన్న బిడ్డలకు వెచ్చదనం, తల్లిపాలే మందు. కొలంబియా రాజధాని బొగొటాలో 1978లో మొదలైన 'కంగారూ' పద్ధతి అరకు చలికి సరిగ్గా సరిపోతుంది. బిడ్డను బట్టల్లేకుండా గుండెల మీద ఆనించుకుని పైన దుప్పటి కప్పుకోవడమే. ఒకరు అమ్మ దగ్గరుంటే ఇంకొకరు నాన్న దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉండొచ్చు. స్నానానికి తొందర వద్దు.

మొదటి రోజుల్లో బిడ్డ బరువు పదో వంతు దాకా తగ్గొచ్చు. రెండు వారాలకల్లా మళ్లీ పుట్టినప్పటి బరువుకు చేరుకోవాలి. చేరకపోయినా, పాలు సరిగా తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొదటి ఇంటి పిల్లలు పాలు బాగా తాగుతూ, వెచ్చగా ఉంటే ఆ తల్లిని 'బక్కపిల్లల్ని కన్నావు' అని భయపెట్టి పోతపాలు పట్టించనక్కర్లేదు. ఆమెకు కావాల్సింది ధైర్యం. రెండో తల్లికి కావాల్సింది... కొండ దిగడానికి బండి!