తప్పెవరిదైనా పరిహారం ఉంది!

వరంగల్ రోడ్డు మీద హైదరాబాద్ పోతే ముందు ఉప్పల్, దాని పక్కనే నాచారం కార్ఖానాలు. మనవాళ్ళు పనికి పోయే చోటే. అక్కడ బండి తగిలితే "తప్పు నీదే" అని నాలుగు నోట్లు చేతిలో పెట్టి పంపేస్తారు. నమ్మి ఊరుకోవద్దు.

ప్రైవేటు బండి రోడ్డెక్కాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండాలి. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను ప్రకారం తప్పెవరిదో రుజువు చేయనక్కర లేదు. మనిషి చనిపోతే 5 లక్షలు, తీవ్రగాయమైతే రెండున్నర లక్షలు బండి ఓనరు గానీ ఇన్సూరెన్సు కంపెనీ గానీ ఇవ్వాలి. ఇది 2022 ఏప్రిల్ 1 నుండి అమలైంది. పాత 140వ సెక్షనులో 50 వేలు, 25 వేలే ఉండేవి. గుద్దిన బండి దొరక్కపోతే ప్రభుత్వ పథకం కింద 2 లక్షలు, 50 వేలు వస్తాయి.

ఏం చేయాలి? బండి నంబరు రాసుకోవాలి. పోలీసు స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ చేయించి కాపీ తీసుకోవాలి. ఆసుపత్రి కాగితాలు దాచాలి.

ఒక మెలిక ఉంది. ఈ డబ్బు తీసుకుంటే, ట్రిబ్యునల్‌లో ఎక్కువ అడిగే కేసు పోతుంది. అందుకే సంతకానికి ముందు వకీలును అడగాలి. గిరిజనులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి అమ్మానాన్నలకు చెప్పండి.