పదునొచ్చిన పూటే మొరాయించే పాత ట్రాక్టరు

రాత్రి వాన పడింది. తెల్లారి చేలోకి వెళ్ళి మట్టి పిడికిట పట్టి చూస్తే విత్తనానికి సరిపోయే పదును. అనంతపురం జిల్లా ఎర్ర నేలల్లో ఇలాంటి పదును ఎక్కువ రోజులు నిలవదు. రెండు రోజులు ఎండ కాసి, గాలి తోలిందంటే పైచెమ్మ ఎగిరిపోతుంది. వలిచిన వేరుశనగ విత్తనం మూటలు కట్టి సిద్ధంగా ఉంది. అక్కడక్కడ సాళ్ళలో వేయడానికి కంది విడిగా ఉంది. ట్రాక్టరుకు గొర్రు తగిలించారు. డ్రైవరు ఎక్కి కూర్చుని తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాడు. 'టక్' మని ఒక్క చప్పుడు. అంతే!

జూన్, జులై నెలల్లో చాలా ఊళ్ళలో కనిపించే దృశ్యమే ఇది. ఎద్దులు తగ్గిపోయాక ట్రాక్టరు ఉన్న రైతు ఒక్కడే అయినా, దాని వంతు కోసం చూసేవాళ్ళు పదిమంది ఉంటారు. బండి కదలకపోతే అందరి విత్తనమూ ఆగినట్టే. టౌను నుంచి మెకానిక్కును పిలుద్దామంటే ఆ రోజుల్లో అతనికీ తీరిక ఉండదు. తీరా మధ్యాహ్నానికి వస్తే, వదులైన నట్టు ఒకటి బిగించి, చేతులు తుడుచుకుని, రానుపోను ఖర్చుతో సహా కూలి తీసుకుని వెళతాడు. అతని తప్పేమీ లేదు. ఆ నట్టు ఎక్కడుందో తెలిసినందుకే ఆ కూలి.

'ప్లగ్గు పోయిందేమో చూడండి' అని చుట్టూ చేరిన వాళ్ళలో ఎవరో ఒకరు అంటారు. మోటారు సైకిలు తెలిసిన కుర్రాళ్ళకు ఆ అనుమానం రావడం సహజం. ఇంగ్లండులోని కొవెంట్రీలో 1946 నుంచి 1956 వరకు తయారైన ఫెర్గూసన్ టీఈ 20 లాంటి బండ్లలో పెట్రోలుతోనూ, కిరసనాయిలుతోనూ నడిచే రకాలు ఉండేవి. వాటికి ప్లగ్గులు, కాయిలు, పాయింట్లు అన్నీ ఉండేవి. మన ఊళ్ళలో ఏళ్ళు పైబడినా ఇంకా దున్నుతున్న మహీంద్రా బి-275, మాస్సీ 1035, స్వరాజ్ 735, హెచ్ఎంటీ జెటార్ లాంటివి డీజిలు బండ్లు. వీటిలో నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉండదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే వేడి తగులుతుంది కదా! ఇక్కడా అదే. పిస్టను పైకి వచ్చి గాలిని దాదాపు పదహారో వంతుకు అదిమేస్తుంది. ఆ వేడి 500 డిగ్రీల దాకా పోతుంది. సరిగ్గా ఆ సమయానికి నాజిల్ డీజిలును పొగమంచులా చిమ్మితే అదే అంటుకుంటుంది.

అంటే కావలసినవి రెండు. ఇంజను తగినంత వేగంగా తిరగాలి. గాలి బుడగ లేని డీజిలు నాజిల్ దాకా చేరాలి. మొదటిది బ్యాటరీ, సెల్ఫ్‌ల పని. రెండోది ట్యాంకు నుంచి నాజిల్ వరకు ఉన్న దారి పని. లోపం ఏ వైపున ఉందో తేల్చుకోకుండా కనిపించిన నట్టల్లా విప్పేవాళ్ళు లేని రోగాన్ని తెచ్చి పెడతారు.

సెల్ఫ్ పలకకపోతే

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూడాలి. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. లైట్లు మసకబారి ఆరిపోయేటట్టయితే బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినళ్ళు పట్టు తప్పాయనో అర్థం. లైట్లు వెలుగుతూనే ఉండి సెల్ఫ్ ఉలుకూ పలుకూ లేకపోతే తాళం స్విచ్చి, సోలినాయిడు, వాటి తీగలు చూడాలి. కొన్ని బండ్లకు హై-లో లివరు న్యూట్రల్లో లేకపోయినా, క్లచ్చి పూర్తిగా తొక్కకపోయినా సెల్ఫ్ పలకదు. అది రోగం కాదు, రక్షణ.

బ్యాటరీ కొత్తదైనా టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా బూజులా పట్టిన పొడి కరెంటును ఆపేస్తుంది. సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. చిన్న బల్బు వెలిగేటంత పట్టు దానికి చాలదు. అందుకే హారను మోగుతున్నా ఇంజను తిరగదు. గోరువెచ్చని నీళ్ళలో తినే సోడా కలిపి, ఆ నీళ్ళు సెల్లులలోకి పోకుండా టెర్మినళ్ళను కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన గ్రీసు రాయాలి. బ్యాటరీ విప్పేటప్పుడు బాడీకి కలిసిన ఎర్త్ తీగను ముందు తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. ఈ వరస తప్పితే పానా ఇనుముకు తగిలి నిప్పులు చిమ్ముతుంది. బ్యాటరీ నుంచి వచ్చే వాయువు మండేది. దాని దగ్గర బీడీ వెలిగించరాదు.

చాలామంది మరిచిపోయేది ఎర్త్ తీగ రెండో కొస. అది ఛాసిస్‌కు బిగించిన చోట తుప్పో, రంగో అడ్డుపడి ఉంటుంది. బ్యాటరీ మార్చి, సెల్ఫ్ విప్పి బాగు చేయించి, చివరికి ఆ బోల్టు కింద గీకితే సరిపోయిన బండ్లు లేకపోలేదు.

మల్టీమీటరు ఉన్నవాళ్ళకు లెక్క సులభం. ఇంజను ఆగి ఉండగా 12.5 వోల్టుల పైన చూపితే బ్యాటరీ బాగున్నట్టు. 12కి దిగితే చార్జింగు పెట్టాల్సిందే. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో నిమిషమైనా ఆపాలి. ఆత్రంలో పట్టుకు కూర్చుంటే మోటారు చుట్టలు కాలిపోతాయి.

స్క్రూడ్రైవరుతో స్టార్టింగు

తాళం స్విచ్చి చెడిపోయిన పాత బండ్లకు ఒక అలవాటు అంటుకుంది. డ్రైవరు కిందనే, పెద్ద టైరుకు ముందు నిలబడి, సెల్ఫ్ మీది రెండు బోల్టులను స్క్రూడ్రైవరుతో కలుపుతాడు. ఇంజను అంటుకుంటుంది. ఏళ్ళ తరబడి ఏమీ కాదు. ఒకనాడు ఎవరో బండిని గేరులో వదిలి దిగి ఉంటారు. లివరు రక్షణకు పెట్టిన స్విచ్చిని ఈ పద్ధతి దాటేస్తుంది కనుక, ఇంజను పట్టిన క్షణమే బండి ముందుకు దూకుతుంది. వెనుక చక్రం మనిషి మీది నుంచే పోతుంది. పక్కకు తప్పుకునేందుకు తీరిక ఉండదు. ఈ రకంగా ట్రాక్టరు కింద నలిగి ప్రాణాలు పోయిన ఉదంతాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. కొత్త స్విచ్చి వెల ఎంతయినా ఈ లెక్కలోకి రాదు. సీటు మీద కూర్చునే స్టార్టు చేయాలి, అదీ గేరు చూసుకుని.

తిరుగుతుంది కానీ అంటుకోదు

సెల్ఫ్ గట్టిగా తిప్పుతున్నా ఇంజను అందుకోకపోతే సైలెన్సరు గొట్టం వైపు చూడాలి. పొగ బొత్తిగా రాకపోతే డీజిలు లోపలికి చేరడం లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిలు చేరుతోంది కాని మండటం లేదు. బ్యాటరీ నీరసించి ఇంజను మెల్లగా తిరుగుతున్నా, రింగులు అరిగి ఒత్తిడి తగ్గినా, నాజిల్ చిమ్మకుండా కారుతున్నా ఈ తెల్లపొగే.

పొగ లేనప్పుడు మొదట చూడాల్సింది, చెప్పడానికి నామోషీ అయినా, ఇంజను ఆపే నాబ్. రాత్రి ఆపడానికి లాగిన నాబ్‌ను తోయడం మరిచిపోతారు. లేదా తోసినా, దాని తీగ తుప్పు పట్టి పంపు మీది లివరు వెనక్కు రాదు. డ్యాష్‌బోర్డు చూసి నమ్మకుండా పంపు దగ్గర చేత్తో కదిపి చూడాలి. తర్వాత ట్యాంకు కుళాయి. తర్వాత ఫిల్టరు అడుగున చేరిన నీళ్ళు.

ఇవన్నీ బాగుంటే గాలి పట్టినట్టే. ట్యాంకు అడుగంటే దాకా నడిపినా, ఫిల్టరు మార్చినా, రబ్బరు గొట్టం పగిలినా, అరిగిన వాషరును మళ్ళీ వేసినా గాలి దూరుతుంది. గాలి తీయడం ట్యాంకు వైపు నుంచి నాజిల్ వైపుకు వరసగా సాగాలి. మొదటి ఫిల్టరు మీది బ్లీడింగు స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపుకు ఉండే చిన్న లివరును చేత్తో కొట్టాలి. నురగలా బుడగలు వస్తాయి. బుడగ లేకుండా డీజిలు ధారగా వచ్చాక, ధార కారుతుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత రెండో ఫిల్టరు, ఆ తర్వాత డీజిలు పంపు మీది స్క్రూ. చివరగా నాజిళ్ళ దగ్గర గొట్టం నట్లు రెండు కొద్దిగా వదులు చేసి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, ఒకరు సెల్ఫ్ కొట్టాలి. డీజిలు చిమ్మగానే ఆపి నట్లు బిగిస్తే, మరుసటి సెల్ఫ్‌కు ఇంజను పట్టుకోవాలి. చిమ్మేచోట చెయ్యి అడ్డం పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూదిపోటులా కనిపించినా అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయమే.

చేతి లివరు కొడితే బరువు లేకుండా ఊగుతూ డీజిలు రాకపోవడం ఒక్కోసారి జరుగుతుంది. పంపు పోయిందని కంగారు పడనక్కర్లేదు. లోపలి క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది. సెల్ఫ్ ఒక్కసారి కొట్టి ఇంజనును కొద్దిగా తిప్పితే లివరు మళ్ళీ పట్టు అందుకుంటుంది.

చేలో అరగంట బాగా నడిచి ఆగిపోయి, కాసేపు ఉంటే మళ్ళీ స్టార్టయ్యే బండి ఇంకో రకం. ట్యాంకు మూత తీస్తే 'స్‌స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న రంధ్రం మట్టితో పూడిందన్నమాట. సన్న తీగతో పొడిస్తే సరి.

గాలి గొట్టం దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం, కాగితం మంట చూపడం కొందరి చిట్కాలు. వాటితో మొండి ఇంజను అంటుకుంటుంది, నిజమే. మంట వెనక్కు తన్ని ముఖాలు కాలడమూ నిజమే. పిస్టను రింగులకు దెబ్బ వేరే. డీజిలు పంపు సీలు విప్పడం, నాజిల్ లోపలి సూదిని గీకడం కూడా చేను గట్టు మీద చేసే పనులు కావు. వాటికి టెస్టింగు బెంచి ఉన్న చోటికే పోవాలి.

విత్తు ముగిసి బండి వారాల తరబడి నిలిచిపోయే రోజుల్లో ట్యాంకు నిండుగా ఉంచితే లోపల చెమ్మ చేరదు. బ్యాటరీ ఎర్త్ తీగ విప్పి పెట్టి, వారానికోసారి తగిలించి, బండిని అరగంట సేపు నడిపితే చాలు.