టవర్ ఉంది సరే, దారులెన్ని?

ఫోన్ తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా ఒక్కోసారి కాల్ కలవదు. టవర్ నుంచి వచ్చే తరంగం ఎంత బలంగా ఉందో ఆ గీతలు చెబుతాయి గానీ, అక్కడ మనకు చోటు ఉందో లేదో చెప్పవు. సోమశిల కాలువ తవ్వినంత మాత్రాన చివరి ఆయకట్టు తడవదని నెల్లూరు జిల్లా ఆత్మకూరు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే జిల్లాలోని ఉదయగిరి, సీతారాంపురం, మర్రిపాడు మండలాల్లో సెల్ సేవల మాట వచ్చేసరికి మాత్రం మనం కాలువ ఉందా లేదా అన్న దగ్గరే ఆగిపోతున్నాం. జనం తక్కువ కాబట్టి ఆ మేరకే సామర్థ్యం చాలునన్న వాదన న్యాయంగానే వినిపిస్తుంది. లెక్క వేస్తే నిలవదు.

ఆ లెక్కను కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1917లోనే ప్రచురించాడు. రద్దీ గంటలో నూటికి రెండు కాల్స్‌కు మించి వెనక్కి పోకూడదని షరతు పెట్టుకుందాం. 2జీలో ఒక్క క్యారియర్ ఉన్న చిన్న టవర్‌కు ఉన్న ఎనిమిది టైమ్‌స్లాట్లలో (కాలపు వంతుల్లో) ఒకటి సంకేతాలకు పోగా, మాటలకు 7 దారులు మిగులుతాయి. కాల్ సగటున మూడు నిమిషాలనుకుంటే ఆ టవర్ గంటకు సుమారు 58 కాల్స్ మోస్తుంది. 30 దారులున్న పట్నం టవర్ 438 మోస్తుంది. దారులు నాలుగు రెట్ల పైచిలుకే, కాల్స్ మాత్రం ఏడున్నర రెట్లు! కాల్స్ వరుసలో రావు, గుంపుగా వచ్చి పడతాయి. ముప్పై ఉన్నచోట ఏదో ఒకటి ఖాళీ అవుతూనే ఉంటుంది. ఏడే ఉన్నచోట ఆ గుంపు కోసం సగానికి పైగా ఖాళీ అట్టిపెట్టాలి. కనుక పట్నం రద్దీలో పావు వంతు ఉన్న పల్లెకు ఏడెనిమిది దారులు చాలవు, 11 కావాలి. తలకు కాస్త ఎక్కువ ఇస్తేనే చిన్న ఊరికి సమాన సేవ అందుతుంది.

ఇది డేటా కాలం, ఈ లెక్క పాతబడిందనవచ్చు. 4జీలో అందరూ ఒకే ధారను పంచుకుంటారు, రద్దీ పెరిగితే అందరికీ వేగం తగ్గుతుంది. కానీ ఇంతకన్నా తగ్గకూడదని షరతు పెట్టగానే, ఇంతమందికే అన్న హద్దు మళ్లీ వస్తుంది. కొండల్లో ఆ హద్దు ఇంకా తొందరగా వస్తుంది. వెలిగొండల చాటున ఉన్న ఫోనుకు టవర్ కింది ఫోను వేగంలో పదో వంతే అందితే, అదే ఫైలుకు టవర్ పది రెట్ల సమయం వెచ్చించాలి. ఆ సమయం పక్కవాళ్ల వాటాలోంచి పోతుంది. ఒకటో తేదీ పొద్దున గ్రామ స్థాయి ప్రభుత్వ సిబ్బంది పింఛన్ల కోసం ఇంటింటా వేలిముద్రలు తీసుకుంటారు. అప్పుడు యంత్రం మీద వేలు పెట్టి ఎదురుచూసే ముసలమ్మ నిమిషాలు ఏ నెల సగటులోనూ కనిపించవు.

ఖర్చు రాదన్న కంపెనీల మాట నిజమే. ఆ లోటు పూడ్చడానికే వాటి ఆదాయంలో 5 శాతంతో నిధి ఉంది, ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. 2022లో కేంద్రం ఆమోదించిన 26,316 కోట్ల పథకం 4జీ అందని 24,680 ఊళ్లను లెక్కపెట్టింది. సిగ్నల్ ఉన్నా చోటు చాలని ఊళ్లను కూడా లెక్కపెట్టాలి. మధ్యలో తెగే కాల్స్ విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో టెలికాం సర్కిల్ సగటును వదిలి, 90 శాతం సెల్స్‌లో (టవర్ పరిధుల్లో) 90 శాతం రోజులు తెగే కాల్స్ 2 శాతం లోపే ఉండాలంది. అది మంచి అడుగే. అయినా మిగిలిన పది శాతం మొత్తం కొండ మండలాల్లోనే ఉన్నా ఆ కొలత నెరవేరినట్టే లెక్కకు వచ్చేది. ఆ సెల్స్ లెక్క సర్కిల్ మొత్తానిది, ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే నేటికీ రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి. అంత పెద్ద పద్దులో సీతారాంపురం కనిపించదు. ఒకటో తేదీ పొద్దున అక్కడి టవర్ ఎన్ని కాల్స్‌ను తిప్పి పంపిందో, వేగం ఎంతకు పడిపోయిందో, ఆ ఊరి పేరుతోనే ప్రకటించాలి.