పగ్గాలు ఎవరి చేతికి?

హైదరాబాద్ జట్టు కెప్టెన్ ఎంపికపై అమీర్‌పేటలో ఎడతెగని తగవు

అమీర్‌పేట: సాయంత్రం అయిదు దాటితే మైత్రీవనం దగ్గర కాలు పెట్టే సందు ఉండదు. కంప్యూటర్ కోర్సుల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, బజ్జీల బండ్లు, పుస్తకాల సంచులు... ఈ జనంలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారే. ఇంటి దగ్గర ధాన్యం అమ్మిన డబ్బుతో కోర్సు ఫీజు కట్టి, ఒక గదిలో నలుగురు చొప్పున సర్దుకుని ఉంటున్న కుర్రాళ్లే. ఐపీఎల్ నెలల్లో మాత్రం ఈ గుంపు మధ్యలో నారింజ రంగు చొక్కాలు కనిపిస్తాయి. ఉప్పల్‌లో మ్యాచ్ ఉన్న రోజున ఆ చొక్కాలన్నీ అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లెక్కి, నాగోల్ వైపు వెళ్లే రైలు పట్టుకుని, 'స్టేడియం' అనే స్టేషన్‌లోనే దిగుతాయి. టికెట్టు కొనలేనివారు టీ కొట్టు దగ్గర సెల్‌ఫోన్ చుట్టూ మూగుతారు. అక్కడికి కూతవేటు దూరాన పంజాగుట్ట నిమ్స్ ఆస్పత్రి ఆవరణలో, రోగులకు తోడుగా వచ్చినవారు కూడా రాత్రిపూట నిద్ర పట్టక అదే ఆట చూస్తుంటారు.

ఎవరు గెలుస్తారన్నదానికన్నా ఇక్కడ పెద్ద తగవు ఇంకొకటి ఉంది. మన జట్టుకు కెప్టెన్ ఎవరు? ఎందుకు అతనే? వేరొకరు ఎందుకు కాకూడదు? ఈ తగవు 2008లో మొదలైంది. ఇంకా తెగలేదు.

మేస్త్రి పని వేరు, కెప్టెన్ పని వేరా?

నాట్లు వేసే ముఠాకు మేస్త్రిని ఎన్నుకునే పద్ధతి ఊళ్లో అందరికీ తెలిసిందే. పని తెలిసి ఉండాలి, పదిమందీ మాట వినాలి, రైతు దగ్గర కూలి గట్టిగా మాట్లాడగలగాలి. క్రికెట్ కెప్టెన్‌కూ ఇంచుమించు ఇవే కావాలి. టాస్ గెలిస్తే ముందు బ్యాటింగా, బౌలింగా చెప్పాలి. ఏ బౌలర్‌కు ఏ ఓవర్ ఇవ్వాలి, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి అన్నది అతనిదే. అంపైర్ తీర్పు తప్పనిపిస్తే 15 సెకన్లలో సమీక్ష అడగాలి. ఓవర్లు ఆలస్యమైతే జరిమానా కూడా ముందు అతని నెత్తినే పడుతుంది. 2024 వరకు మొదటి తప్పుకు 12 లక్షల రూపాయలు, మూడోసారి అయితే ఒక మ్యాచ్ నిషేధం కూడా ఉండేది.

తేడా ఎక్కడంటే, మేస్త్రిని ముఠా ఎన్నుకుంటుంది. ఐపీఎల్ జట్టు కెప్టెన్‌ను యజమాని నియమిస్తాడు. కోచ్‌ను సలహా అడుగుతారు, లెక్కలు చూస్తారు. చివరి మాట మాత్రం డబ్బు పెట్టినవారిదే. ఆటగాళ్లు వేలంలో వస్తారు, వేలంలో పోతారు. నిన్న ఎదుటి జట్టులో ఉన్నవాడే ఇవాళ మన నాయకుడు కావచ్చు.

దీనికి తోడు ఒక మెలిక ఉంది. మైదానంలో దిగే పదకొండుమందిలో విదేశీయులు నలుగురికి మించరాదు. కెప్టెన్ విదేశీయుడైతే ఆ నలుగురిలో ఒక చోటు అతనికే ఖాయమైపోతుంది. అతను పరుగులు చేయకపోయినా, వికెట్లు తీయకపోయినా పక్కన కూర్చోబెట్టలేరు. కూర్చోబెట్టాలంటే ముందు కెప్టెన్సీ తీసేయాలి. హైదరాబాద్ జట్టు చరిత్రంతా ఈ ఒక్క మెలిక చుట్టూనే తిరిగిందంటే అతిశయోక్తి కాదు.

లక్ష్మణ్ వదులుకున్నది

2008 ఫిబ్రవరిలో తొలి వేలం జరిగినప్పుడు సచిన్, గంగూలీ, ద్రావిడ్, యువరాజ్, సెహ్వాగ్‌లకు వారి వారి ఊళ్ల జట్లలో 'ఐకాన్' హోదా ఇచ్చారు. ఆ హోదా ఉన్నవారికి జట్టులో అందరికన్నా 15 శాతం ఎక్కువ జీతం. హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్‌లో ఆ హోదా వి.వి.ఎస్. లక్ష్మణ్‌కు దక్కవలసింది. ఆయన వద్దన్నారు. తనకిచ్చే డబ్బు మిగిలితే వేలంలో మంచి ఆటగాళ్లను కొనవచ్చునని వదులుకున్నారు. ఆయనకు 3 లక్షల 75 వేల డాలర్లు వస్తే, అదే జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు కొన్నది. తన కింద ఆడేవాడికి తనకన్నా మూడింతలకు పైగా జీతం. ఇలా ఒప్పుకునే మేస్త్రి ఏ ఊళ్లోనూ దొరకడు.

కెప్టెన్‌గా మాత్రం లక్ష్మణ్‌కు కాలం కలిసిరాలేదు. ఓటములు వరుస కట్టాయి. కొన్ని మ్యాచ్‌లకే చేతికి గాయమై తప్పుకున్నారు. పగ్గాలు ఆస్ట్రేలియా వికెట్ కీపర్ ఆడం గిల్‌క్రిస్ట్ అందుకున్నాడు. అయినా ఆ ఏడాది 14 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండే. ఎనిమిది జట్లలో చివరి స్థానం.

2009లో సార్వత్రిక ఎన్నికల కారణంగా పోటీలు దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. ఈసారి మొదటి నుంచీ గిల్‌క్రిస్టే కెప్టెన్. సొంత ఊరి వాడిని కాదని పరాయివాడికి ఇచ్చారని హైదరాబాద్‌లో గొణిగినవారు లేకపోలేదు. సెమీఫైనల్‌లో ఢిల్లీపై గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 పరుగులు కొట్టాక ఆ గొణుగుడు వినిపించలేదు. మే 24న జోహానెస్‌బర్గ్ ఫైనల్‌లో అతను సున్నాకే అవుటయ్యాడు. జట్టు చేసింది 143 పరుగులే. అయినా బెంగళూరును 137 దగ్గర ఆపి 6 పరుగుల తేడాతో కప్పు గెలిచారు. ఎదుటి కెప్టెన్ అనిల్ కుంబ్లే 16 పరుగులకే 4 వికెట్లు తీసినా ఓడిపోయాడు. విశాఖపట్నం ఆటగాడు వేణుగోపాలరావు ఆ డెక్కన్ జట్టులో ఉన్నాడు. రోహిత్ శర్మ కూడా అప్పుడు మన జట్టువాడే!

తరువాత రోజులు అంత బాగా లేవు. 2010లో తెలంగాణ ఉద్యమం దృష్ట్యా హైదరాబాద్ మ్యాచ్‌లను నాగపూర్, కటక్ వంటి చోట్లకు మార్చారు. 2011లో శ్రీలంక ఆటగాడు సంగక్కర కెప్టెన్ అయ్యాడు. 2012 సెప్టెంబరులో జట్టే రద్దయింది. అక్టోబరులో సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85 కోట్ల 5 లక్షల రూపాయల చొప్పున హైదరాబాద్ జట్టును దక్కించుకుంది. పేరు సన్‌రైజర్స్ అయింది. మొదటి రెండేళ్లలో సంగక్కర, కామెరాన్ వైట్, శిఖర్ ధావన్, డారెన్ సామీ... నలుగురు కెప్టెన్లు మారారు. ఎడ్లబండి పగ్గాలు అన్ని చేతులు మారితే ఎడ్లకే దారి తెలియదు.

వార్నర్‌కు జరిగినది

2015లో పగ్గాలు డేవిడ్ వార్నర్‌కు ఇచ్చారు. మరుసటి ఏడాది అతను ఒక్కడే 848 పరుగులు చేశాడు. 2016 మే 29న బెంగళూరులో, బెంగళూరు జట్టునే 8 పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చాడు. మూడు సీజన్లలో అత్యధిక పరుగుల టోపీ అతనిదే. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో 'బుట్టబొమ్మ' పాటకు భార్యతో కలిసి చిందేసిన వీడియో పల్లె పల్లెకూ చేరింది. క్రికెట్ తెలియని ముసలమ్మలు సైతం అతన్ని గుర్తుపట్టారు.

మధ్యలో 2018లో కేప్‌టౌన్‌లో బంతిపై ఉప్పు కాగితం రుద్దిన వ్యవహారంలో ఏడాది నిషేధం పడటంతో కెప్టెన్సీ పోయింది. న్యూజీలాండ్ ఆటగాడు కేన్ విలియమ్సన్ నడిపాడు. 735 పరుగులు చేసి జట్టును ఫైనల్‌దాకా తీసుకువెళ్లాడు. 2020లో వార్నర్ మళ్లీ కెప్టెన్ అయ్యాడు.

2021లో మొదటి ఆరు మ్యాచ్‌ల్లో అయిదు ఓడిపోయారు. మే 1న యాజమాన్యం ప్రకటన చేసింది. వార్నర్ స్థానంలో విలియమ్సన్ కెప్టెన్ అని, విదేశీ ఆటగాళ్ల కూర్పు కూడా మారుతుందని అందులో చెప్పారు. కూర్పు మారుతుందంటే అర్థం ఏమిటో మరునాడు తెలిసింది. రాజస్థాన్‌తో ఢిల్లీలో జరిగిన మ్యాచ్‌లో వార్నర్ పదకొండుమందిలో లేడు. తోటివారికి నీళ్లసీసాలు అందిస్తూ బౌండరీ గీత దగ్గర కనిపించాడు. ఆ మ్యాచ్ 55 పరుగుల తేడాతో ఓడిపోయారు. ఆ సీజన్‌లో ఆఖరి స్థానమే మిగిలింది. కెప్టెన్ మారితే గెలుపు దానంతటదే వస్తుందని అనుకోవడం ఎంత పొరపాటో అప్పుడు బయటపడింది.

జట్టు బాగుకోసం మార్చడం తప్పు కాదు. మార్చిన తీరే చాలామందికి మింగుడు పడలేదు. కప్పు తెచ్చినవాడిని సాగనంపే పద్ధతి ఇది కాదని నారింజ చొక్కాల వాళ్లే అన్నారు, ఆ మాటలో న్యాయం ఉంది. అదే ఏడాది నవంబరులో ముగిసిన ప్రపంచ టీ20 పోటీల్లో వార్నర్ 289 పరుగులు చేసి 'ఉత్తమ ఆటగాడు'గా ఎంపికయ్యాడు. 2022 మే 5న ఢిల్లీ తరఫున హైదరాబాద్‌పైనే 92 పరుగులు కొట్టి అజేయంగా నిలిచాడు.

ఆ తరువాత రెండేళ్లూ సన్‌రైజర్స్‌కు చేదే. 2022లో విలియమ్సన్ కింద ఎనిమిదో స్థానం. 2023లో దక్షిణాఫ్రికా ఆటగాడు మార్‌క్రమ్ కింద పదో స్థానం, అంటే అట్టడుగు. ఇదే మార్‌క్రమ్ ఇదే యజమానుల దక్షిణాఫ్రికా జట్టుకు 2023లో కప్పు తెచ్చి ఉన్నాడు. 2023 డిసెంబరు 19న దుబాయ్ వేలంలో ప్యాట్ కమిన్స్‌ను 20 కోట్ల 50 లక్షలకు కొన్నారు. అప్పటికి ఐపీఎల్‌లో అదే రికార్డు ధర. గంటా రెండు గంటలకే మిచెల్ స్టార్క్ 24 కోట్ల 75 లక్షలతో దాన్ని దాటేశాడు, అది వేరే సంగతి. అంతకు నెల ముందే కమిన్స్ అహ్మదాబాద్‌లో భారత్ చేతి నుంచి ప్రపంచ కప్పు లాక్కుపోయాడు. ఆ బాధ ఆరకముందే అతనే మన కెప్టెన్! అయినా 2024లో బ్యాటర్లను స్వేచ్ఛగా వదిలేశాడు. ముంబయిపై ఉప్పల్‌లో 277, బెంగళూరుపై 287 పరుగులు వచ్చాయి. ఫైనల్‌లో మాత్రం 113కే కుప్పకూలి కోల్‌కతా చేతిలో ఓడారు. గిల్‌క్రిస్ట్, వార్నర్, కమిన్స్... జట్టును ఈ గడ్డ మీద నిలబెట్టిన ముగ్గురూ ఆస్ట్రేలియా వారే కావడం విశేషం.

విజయనగరం దొర కథ

డబ్బున్నవారు కెప్టెన్‌ను నిర్ణయించడం ఇవాళ పుట్టింది కాదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ కావాలని విజయనగరం రాజకుటుంబీకుడు 'విజ్జీ' పట్టుబట్టాడు. పలుకుబడితో ఓట్లు కూడగట్టుకుని అయ్యాడు కూడా. ఆ జట్టులో ఉన్నది ఎవరు? 1932లో లార్డ్స్ మైదానంలో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. ఆటలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉన్నా, నాయుడు విజ్జీ కింద ఆడవలసి వచ్చింది. ఆ మూడు టెస్టుల్లో విజ్జీ చేసిన పరుగులు మొత్తం 33. జట్టులో ముఠాలు ఏర్పడ్డాయి. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఓడ ఎక్కించి ఇంటికి పంపించారు. సిరీస్ 2-0తో పోయింది.

దీనికి భిన్నంగా 1932లో పోరుబందరు మహారాజు కెప్టెన్‌గా వెళ్లి, తన ఆట తనకు తెలుసు గనుక టెస్టు నాటికి పక్కకు తప్పుకున్నాడు. నాయుడికి అవకాశం వచ్చింది అందుకే. ఇద్దరూ దొరలే. ఒకరికి ఉన్న తెలివిడి ఇంకొకరికి లేకపోయింది.

హైదరాబాద్ రంజీ జట్టులో మరో ముచ్చట ఉంది. భారత జట్టు కెప్టెన్ పటౌడీ నవాబు హైదరాబాద్ తరఫున ఆడేటప్పుడు ఎం.ఎల్. జయసింహ కెప్టెన్సీలో ఆడేవాడు. పటౌడీ అందుకు చిన్నబుచ్చుకోలేదు. 1986-87లో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచినప్పుడు కెప్టెన్ ఎం.వి. నరసింహారావు. 1990లో న్యూజీలాండ్ వెళ్లే భారత జట్టుకు హైదరాబాదీ అజారుద్దీన్‌ను కెప్టెన్‌గా ఎంపిక చేశారు. సెలెక్టర్ల అధ్యక్షుడు రాజ్‌సింగ్ దుంగార్పూర్ ఆయన దగ్గరకు వెళ్లి "మియా, కెప్టెన్ బనోగే?" అని అడిగారన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. బిడియస్తుడని పేరున్న ఆ కుర్రవాడే తరువాత మూడు ప్రపంచ కప్పుల్లో దేశానికి సారథి అయ్యాడు. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో నిషేధం పడింది. 2012లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది.

రగ్బీలోనూ మన పేరు

ఇదిలా ఉండగా, 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో 'హైదరాబాద్ హీరోస్' పేరుతో ఒక జట్టు ఆడింది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట అది. మన కబడ్డీలాగే పట్టుకుని పడేయడం ఉంటుంది. ఒక పద్ధతి మాత్రం మెచ్చుకోదగ్గది. రిఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్‌కే. మిగిలినవారు నోరెత్తరాదు. ఊళ్లో కబడ్డీ పోటీల్లో ఈ నియమం పెడితే సంక్రాంతికి సగం కొట్లాటలు తగ్గుతాయి.

ఇంటి పిల్లవాడి మాటేమిటి?

మైత్రీవనం దగ్గర తగవు చివరకు వచ్చి ఆగేది ఇక్కడే. 2008లో లక్ష్మణ్ తరువాత ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టు పగ్గాలు హైదరాబాద్ ఆటగాడికి మళ్లీ పూర్తి స్థాయిలో దక్కలేదు. గుంటూరు బిడ్డ అంబటి రాయుడు ముంబయికి, చెన్నైకి ఆడాడు. హైదరాబాద్‌కు ఒక్క సీజన్ కూడా ఆడలేదు. ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొన్నది. ఏడాదికే వదులుకుంది. అతను బెంగళూరుకు పోయి పేరు తెచ్చుకున్నాడు.

ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మ సంగతి మరీ విచిత్రం. 2025 సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్‌లో పాకిస్థాన్‌పై 69 పరుగులు చేసి చివరిదాకా నిలబడి గెలిపించిన కుర్రవాడు. 2023-24 రంజీ ప్లేట్ పోటీల్లో హైదరాబాద్‌కు కెప్టెన్సీ చేశాడు కూడా. అతన్ని 2022లో కోటి 70 లక్షలకు కొన్నది ముంబయి జట్టు. 2025 వేలానికి ముందు 8 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకుంది కూడా ముంబయి వారే.